నూతి దూలానికి కట్టిన ఎర్త్ వైరు

ఈ సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. తెలిసినవాళ్ళలో నేనొక్కడినే మిగిలాను. అదీకాక ఇందులో తప్పు నాది. తమ తప్పు లేని సంగతులు రాసుకోవడానికి చాలామంది ఉన్నారు.

కిందటి నెల మా వీధిలో ఒకరింట్లో బ్రేకరు మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్ని పిలిచారు. అతను వచ్చి, ఉన్న బ్రేకరు తీసేసి దానికంటె పెద్దది బిగించి, పది నిమిషాల్లో పని ముగించాడు. "ఇంక పడదు తాతగారూ" అన్నాడు నాతో. పడదు. అందులో నాకేమీ సందేహం లేదు. నేను ఆ మాట మొదటిసారి విన్నది పంతొమ్మిది వందల యాభైల్లో, చోడవరంలో, ఒక బెల్లం వర్తకుడి నోట. అది విన్న కొద్దిరోజులకే ఆ వర్తకుడి తల్లి ప్రాణం పోబోయింది. ఈ కథ అతనికి చెబుదామని నోరు తెరిచేసరికి అతని స్కూటరు స్టార్టయింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. పేర్లు రాయడం లేదు. ఆ వర్తకుడి మనవలు ఇప్పటికీ చోడవరంలో ఆ వీధిలోనే ఉన్నారు, కనిపిస్తే నాకు టీ ఇప్పిస్తారు.

నేను చదివింది థర్డ్ ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి. మిగతా చదువంతా చోడవరం గ్రంథాలయంలో చదువుకున్నాను. ఊరికి కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు వైర్‌మన్ ఉద్యోగం దొరికింది. పని నేర్పిన మేస్త్రీలు చేత్తో చూపించేవారు తప్ప, ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు. గ్రంథాలయంలో రెండో బీరువాలో, కింది అరలో, ఇళ్ళ వైరింగు మీద ఒక తెలుగు పుస్తకం ఉండేది. సీమ పుస్తకం, అంటే ఇంగ్లండు పుస్తకం, ఏదో చూసి ఎవరో తెలుగు చేసినది. కొత్తగా బైండు చేయించారు, అట్ట మీద ఎర్ర గుడ్డ. దాన్ని నేను తప్ప ఎవరూ తీసుకెళ్ళేవారు కాదు. గ్రంథాలయం గుమస్తా చివరికి తేదీ ముద్ర వేయడం కూడా మానేసి, "నీదగ్గరే ఉంచు. ఎవరైనా అడిగితే నీకు కబురెడతాను" అన్నారు. ఎవరూ అడగలేదు.

ఆ పుస్తకం నేను రెండుసార్లు చివరిదాకా చదివాను. కొన్ని వాక్యాలు కంఠతా వచ్చు. సెక్షన్ ఆఫీసులో ఎవరైనా ఏదైనా అడిగితే ముందు పేజీ నంబరు చెప్పి, తరువాత సమాధానం చెప్పేవాడిని. నన్ను వెనకాల 'పుస్తకం బాబు' అనేవారని తెలుసు. అది గౌరవం అనుకునేవాడిని.

నాతో నిచ్చెన మోసే హెల్పరు నాకంటె పదిహేనేళ్ళు పెద్ద. చీడికాడ వైపు మనిషి. ఏ ఇంట్లో ఫ్యూజు పోయినా అతను ఒకటే కారణం చెప్పేవాడు, బల్లి. "బల్లి దూరింటాది బాబూ" అనేవాడు, ఇల్లు చూడకముందే. నాకు నవ్వు వచ్చేది. నిజం చెప్పాలంటే పది ఇళ్ళలో ఆరింట బల్లే దొరికేది.

బెల్లం వర్తకుడి ఇల్లు బజారులో ఉండేది. ముందు గది గోదాము, వెనక కాపురం, ఆ వెనక పెరడు, పెరట్లో నుయ్యి. వర్తకుడు, భార్య, తల్లి, ముగ్గురే మనుషులు. గోదాములో బెల్లం దిమ్మలు గోడకి ఆనించి పైకప్పు దాకా పేర్చి ఉండేవి. మెయిన్ స్విచ్చీ, మీటరూ, ఫ్యూజులూ వీధి గుమ్మం పక్కన. అక్కణ్ణుంచి వైర్లు గోదాము చుట్టి, రెండు గదులకీ మధ్యనున్న గోడలో ఒక ఇనప గొట్టం గుండా కాపురం గదిలోకి వెళ్ళేవి. ఈ గొట్టం గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఆషాఢంలో వానలు మొదలయ్యాక అక్కణ్ణుంచి కబురు మీద కబురు. ఫ్యూజు పోయిందని ఒక రోజు, గోడ జిల్లుమంటోందని ఇంకో రోజు. మూడోసారి వెళ్ళినప్పుడు వర్తకుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏటయ్యా, మీ కరెంటు మా ఇంటికి సుట్టపుసూపుకొస్తందా ఏటి? వొచ్చి, కాఫీ తాగి పోతంది" అన్నాడు.

"ఫ్యూజు పోవడం మంచిదేనండి. ఏదో తేడా ఉంటేనే పోతుంది. నలభై ఒకటో పేజీలో..."

"పేజీలొద్దు. దీపం కావాలి."

హెల్పరు నిచ్చెన దించి, "బల్లే బాబూ" అన్నాడు.

ఈసారి బల్లి కాదు. నేను పద్ధతి ప్రకారమే చేశాను. మెయిన్ ఆపి, ఇంట్లో స్విచ్చీలన్నీ ఆపి, కొత్త ఫ్యూజు తీగ వేసి, మెయిన్ పెట్టి, ఒక్కొక్క స్విచ్చీ వేస్తూ వచ్చాను. ఒక దీపం దగ్గర పోతే తప్పు ఆ దీపంలో ఉన్నట్టు. ఏ దీపం దగ్గరా పోలేదు. అన్నీ ఆపి కూర్చున్నాక, కాఫీ సగం తాగేసరికి, పోయింది. అంటే తప్పు దీపాల్లో లేదు, వైరులోనే ఉంది. బోర్డుకీ లోపలి గదికీ మధ్య ఎక్కడో. ఆ మధ్య అంతా బెల్లం దిమ్మల వెనక ఉంది.

ఇక్కడిదాకా నేను పుస్తకానికీ ఉద్యోగానికీ తలవంపులు తేలేదు.

"ఆ గోడవైపు దిమ్మలు తియ్యాలండి" అన్నాను.

వర్తకుడు ఒక దిమ్మ మీద చెయ్యి వేశాడు. "వానాకాలంలోనా? బెల్లం సెమర్చి ఉంటాది. ఒకటి కదిపితే పది ఇరుగుతాయి. ఆ గోడ నువ్వు దసరా ఎల్లేక సూసుకో" అన్నాడు.

"ఈలోపల గోడ ముట్టుకుంటే షాకు కొడుతుంది కదండీ."

"అదే కదయ్యా నిన్ను పిలిచింది. ఏటో ఒక మందు ఎయ్యి."

దిమ్మలు తీయించకపోతే సప్లయి ఆపేస్తానని చెప్పే అధికారం నాకుంది. ఆ మాట అనడానికి మొహమాటపడ్డాను. అదీకాక మందు నాకు తెలుసు. నలభై ఎనిమిదో పేజీలో ఉంది, ఎర్త్. ఆ రోజుల్లో చోడవరం ఇళ్ళలో ఎర్త్ అంటే మీటరు పెట్టె పక్కన కనిపించే ఒక వైరు ముక్క. అది ఎక్కడికి పోతోందో ఎవరూ చూసేవారు కాదు. పుస్తకం మాత్రం స్పష్టంగా చెప్పింది. ఇనప గొట్టాలనీ పెట్టెలనీ ఒక రాగి తీగతో కలిపి, ఆ తీగను ఇంట్లో నీటి గొట్టానికి బిగించాలి. నీటి గొట్టం వీధిలోంచి భూమిలో చాలా దూరం పోతుంది కాబట్టి, తప్పు కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజు వెంటనే ఎగురుతుంది, మనిషి బతుకుతాడు. ఇదీ అందులో సారాంశం.

చోడవరంలో అప్పటికి ఏ ఇంట్లోనూ నీటి గొట్టం లేదు. నలభై ఎనిమిదో పేజీలో ఆఖరి వాక్యం ఇలా ఉంది: 'నీటి గొట్టము లేని యిండ్లలో'. పేజీ అక్కడితో అయిపోయింది. తిప్పితే మీటర్ల అధ్యాయం. పేజీ నంబరు అరవై అయిదు. ఇది నేను చూడలేదని కాదు, చూశాను. సీమలో నీటి గొట్టం లేని ఇళ్ళు ఉండవు కాబట్టి తెలుగు చేసినాయన ఆ వాక్యం వదిలేశాడనీ, నంబర్లు అచ్చుతప్పులనీ నిర్ణయించుకున్నాను. మిగతా సగం వాక్యం నా బుర్రతో పూర్తి చేశాను. నీటి గొట్టం లేని ఇళ్ళలో నుయ్యి ఉంటుంది.

ఆ ఇంటి నూతికి రెండు వైపులా ఇటుక స్తంభాలు కట్టి, వాటి మీద ఒక ఇనప దూలం వేసి, దూలానికి గిలక వేలాడదీశారు. దూలం ఇనుము. స్తంభాలు భూమిలోకి పాతినవి. కింద నిండా నీళ్ళు. నాకు ఇంతకంటె ఏం కావాలి? గోడలోని గొట్టం చివర కాపురం గదిలోకి కొంచెం పొడుచుకు వచ్చి ఉంది. అక్కణ్ణుంచి రాగి తీగ లాక్కుని, కిటికీలోంచి పెరట్లోకి తెచ్చి, దూలం మీద తుప్పు గీకి, బోల్టు వేసి బిగించాను.

హెల్పరు నిచ్చెన పట్టుకుని కింద నిలబడి ఉన్నాడు. "దూలానికి కడతన్నారేటి బాబూ? అక్కడ ముసలమ్మగారు సెయ్యెడతారు కదా" అన్నాడు.

"చెయ్యి పెట్టినా ఏమీ కాదు. కరెంటు భూమిలోకి పోతుంది. పుస్తకంలో ఉంది."

"ఉంటే సరే" అన్నాడు. అతనికి చదువు రాదు. చదువు వచ్చినవాడు పుస్తకంలో ఉందన్నాక ఇంకేమంటాడు?

కట్టాక పరీక్ష కూడా చేశాను. కరెంటు కొలిచే మీటర్లు మా దగ్గర లేవు. హోల్డరులో బల్బు పెట్టి రెండు తీగలు వదిలిన టెస్టు ల్యాంపు ఉండేది. ఒక తీగ ఫేజుకీ ఒకటి దూలానికీ పెట్టాను. వానకి స్తంభాలు తడిసి ఉన్నాయి. బల్బు చుట్ట నిప్పులా ఎర్రగా వెలిగింది. వెలిగింది కాబట్టి ఎర్త్ ఉంది అనుకున్నాను. ఎంత వెలగాలో నా పుస్తకంలో లేదు.

గోడ జిల్లుమనడం ఆగింది. వర్తకుడు అరచెయ్యి గోడకి ఆనించి, చెంప కూడా ఆనించి చూసి, "సదువుకున్నోడు సదువుకున్నోడేనయ్యా" అన్నాడు. నేను ఆఫీసుకి వెళ్ళి పనుల రిజిస్టరులో రెండు వరుసలు రాశాను. ఎర్త్ ఇవ్వబడినది, దూలమునకు బిగించబడినది, పరీక్షించబడినది. సంతకం కింద గీత కూడా గీశాను.

తరువాత వారం రోజులూ ఆ ఇంటినుంచి కబురు లేదు. దారిలో వర్తకుడు కనిపిస్తే అడిగాను.

"ఫ్యూజా? ఇంక పోదు" అన్నాడు. చాలా ప్రశాంతంగా ఉన్నాడు.

నా ఎర్త్ మహిమ అనుకున్నాను. ఆ వారం మధ్యలో ఒకసారి పోయిందనీ, నన్ను మాటిమాటికీ పిలవడం బాగోదని ఆయనే సంచులు కట్టే ఇనప తీగ మూడు పేటలు మెలేసి ఫ్యూజులో బిగించాడనీ ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఫ్యూజు ఉద్యోగమే పోవడం. అది ఉద్యోగం మానేసినందుకు మేమిద్దరం బజారు మధ్యలో నిలబడి సంతోషించాం.

శ్రావణ శుక్రవారం పొద్దున్న వాళ్ళింటికి మళ్ళీ వెళ్ళాను. దేవుడి గదిలో కరెంటు దీపం పెట్టమని వర్తకుడు పిలిచాడు. రాత్రంతా వాన కురిసి అప్పుడే వెలిసింది. హెల్పరు వీధిలో సైకిలు మీంచి వైరు చుట్ట దింపుతున్నాడు. నేను కాపురం గదిలో, పెరటి గుమ్మానికి ఎదురుగా నిలబడి, దేవుడి గది హోల్డరుకి వైరు ఎక్కణ్ణుంచి లాగాలా అని చూస్తున్నాను. వర్తకుడి భార్య పెరట్లో పువ్వులు కోస్తోంది.

వర్తకుడి తల్లికి అప్పటికి డెబ్భై దాటి ఉంటాయి. మడి మనిషి. తెల్లారగట్ల స్నానం చేసి, తడి చీరతోనే తన నీళ్ళు తానే తోడుకునేది. ఆవిడ మడిలో ఉండగా ఎవరి నీడైనా దగ్గరికి వస్తే "ముట్టుకోకండే" అని కేక పెట్టేది. ఆ కేక వీధిలోకి వినిపించేది. మా హెల్పరు ఆ ఇంటి ముందు ఆ కేక విని టైము చెప్పేవాడు.

బకెట్టు అంచుదాకా వచ్చాక ఒక చేత్తో దూలం పట్టుకుని, ముందుకి వంగి, రెండో చేత్తో బకెట్టు అందుకోవడం ఆవిడకి నలభై ఏళ్ళ అలవాటు. నేను హోల్డరు సంగతి చూస్తూండగా బకెట్టు నూతిలో పడ్డ చప్పుడైంది. తిరిగి చూస్తే ఆవిడ దూలం పట్టుకుని నిలబడి ఉంది. కేక లేదు. నోరు తెరిచి ఉంది. శరీరం సన్నగా అదురుతోంది. చెయ్యి విడవడం లేదు.

"అత్తా!" అని కోడలు పువ్వులు పారేసి పరుగెత్తింది. రెండు చేతులూ చాపింది.

"ముట్టుకోకండి!" అని నేను అరిచాను.

కోడలు టక్కున ఆగిపోయింది. చేతులు అలాగే చాచి, జానెడు దూరంలో, బొమ్మలా ఆగిపోయింది. ఇంకొకరింట్లో ఇంకొక మనిషి ఆగదు. కన్నవాళ్ళో కట్టుకున్నవాళ్ళో కొట్టుకుంటూంటే ముట్టుకోవద్దని ఎవరు చెప్పినా చెవికెక్కదు. అలాగే ఒకరిని పట్టుకుని ఇంకొకరు పోయిన ఇళ్ళు తరువాత నేను ఉద్యోగంలో రెండు చూశాను. కానీ ఈమె కాపురానికి వచ్చిన రోజునుంచీ ఆ ఇంట్లో రోజూ వింటున్న మాట అదొక్కటే. ఆ మాట వినగానే ఆగడం కాళ్ళకీ చేతులకీ అలవాటైపోయింది. ఆ మడిని గురించి ఆఫీసులో నేను చాలా హాస్యాలాడి ఉన్నాను. ఆ తరువాత ఆడలేదు.

నేను వీధి గుమ్మం వైపు పరుగెత్తాను. మెయిన్ స్విచ్చీ పిడి పట్టుకుని లాగితే రాలేదు. బెల్లం చేతులతో ఆపీ పెట్టీ పాకం పట్టి బిగుసుకుపోయింది. పై కండువా చేతికి చుట్టుకుని ఫ్యూజు గ్రిప్పు పట్టుకు పీకేశాను. పింగాణీ చెయ్యి కాలేంత వేడిగా ఉంది. దాన్లో మూడు పేటల ఇనప తీగ కనిపించింది. చూసి తిట్టుకునే టైము లేదు.

వెనక్కి వచ్చేసరికి ముసలమ్మగారు నూతి గట్టు పక్కన పడి ఉన్నారు. కోడలు ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. వర్తకుడు పెరటి గుమ్మంలో నిలబడి, "ఊపిరుందేటే? ఊపిరుందేటే?" అని అడుగుతున్నాడు. నా చేతిలో ఇంకా ఫ్యూజు గ్రిప్పు ఉంది. కిటికీలోంచి దూలం దాకా నేను లాగిన రాగి తీగ ఎండలో కొత్తగా మెరుస్తోంది.

ముసలమ్మగారు కళ్ళు తెరిచారు. కోడలి మొహం చూశారు. "నన్నెవుర్తే ముట్టుకుంది?" అన్నారు.

"నేనే అత్తా."

"మడి పోయింది కదే. నీల్లు తోడు."

"తోడను అత్తా. ఆ నూతి జోలికెల్లను" అంది కోడలు. కాపురానికి వచ్చాక అత్తగారికి ఆమె ఎదురు చెప్పడం అదే మొదటిసారని తరువాత విన్నాను. చెప్పి, ఏడవడం మొదలెట్టింది. అప్పుడు వర్తకుడు పెరట్లోకి వచ్చి నూతి గట్టు మీద కూలబడ్డాడు.

డాక్టరు వచ్చి చూసి, గుండె బాగానే ఉందన్నాడు. అరచెయ్యి మాత్రం అడ్డంగా కాలింది.

ఆ మధ్యాహ్నమే కూలీలు దిమ్మలు తీశారు. తీయించింది వర్తకుడే. విరిగినవి విరిగాయి. గోడ నల్లగా తడిసి ఉంది. చెమర్చిన బెల్లం గోడ మీంచి కారి గొట్టం నోట్లోకి దిగింది. వైరు లాగితే దాంతోపాటు చీమలు వచ్చాయి. పైనున్న నూలు తొడుగూ, లోపలి రబ్బరూ చాలా మేరకు తినేశాయి, మిగిలింది ముందురోజు రాత్రి వానకి నానిపోయింది. మిగిలింది రాగి తీగ, దాని చుట్టూ పాకం. హెల్పరు వంగి చూసి, "బల్లి కాదు బాబూ" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని నా నమ్మకం.

సాయంత్రం సూపర్‌వైజరుగారు ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాయబోయారు. మంచి మనిషి. "వినియోగదారుడు ఫ్యూజులో ఇనప తీగ వేసినందున అని రాస్తాను. నువ్వు మాట్లాడకు" అన్నారు. అది అబద్ధం కాదు. ఆ రిపోర్టు పైకి పోతే ఆ ఇంటికి కరెంటు మళ్ళీ రాదు. నా ఉద్యోగం నాకుంటుంది. ముసలమ్మ ప్రాణం మీదికి తెచ్చింది ఆవిడ కొడుకే అని ఊరంతా అంటుంది.

నేను పనుల రిజిస్టరు తీసి, నా రెండు వరుసలూ ఆయన ముందు పెట్టాను.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రాయకుండా ఉండాల్సింది కదయ్యా. పైగా ఇంత ముత్యాల్లాంటి అక్షరాలు" అన్నారు. తరువాత, "నూతి దూలానికి ఎందుకు కట్టేవు?" అని అడిగారు.

"పుస్తకంలో ఉంది సార్" అన్నాను.

"ఏదీ, చూపించు."

నలభై ఎనిమిదో పేజీ చూపించాను. ఆయన సగం వాక్యం చదివారు. పేజీ తిప్పారు. అరవై అయిదు చూశారు. పుస్తకం మూసి నా చేతికిచ్చారు. ఏమీ అనలేదు. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు, అవన్నీ మర్చిపోయాను.

రిపోర్టులో ఇద్దరి తప్పూ రాశారు. నన్ను చీడికాడ లైను పనికి మార్చారు. అప్పటికి చీడికాడకి కరెంటు లేదు. స్తంభాలు పాతడానికి గోతులు తీయించడం నా పని. నావల్ల ఎవరికీ ప్రమాదం రాని చోటు ఆ సెక్షనులో అదొక్కటే.

అక్కడ మూడు నెలలు గోతులు తీయించాను. మకాం ఒక రైతు ఇంటి అరుగు మీద. ఆయనకి చదువు పిచ్చి. నెలకోసారి చోడవరం సంతకి వెళ్ళినప్పుడు గ్రంథాలయంలో పుస్తకం తెచ్చుకునేవాడు. నన్ను చూసి, చదువుకున్నవాడు దొరికాడని సంతోషించాడు. ఒక సాయంత్రం పశువైద్యం పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. అట్ట మీద ఎర్ర గుడ్డ.

"బాబూ, ఇది ఏ జబ్బుకో కాస్త సూసి సెప్పండి. నాలుగుపాల్లు సదివేను, తెలీలేదు. గాలికుంటు గురించి సెప్తూ సెప్తూ మద్దిలో గొయ్యి తియ్యమంటాడు. బొగ్గులెయ్యమంటాడు, ఉప్పెయ్యమంటాడు, రాగి పలక పాతమంటాడు. రోజూ నీల్లు పొయ్యమంటాడు."

"మీరు చేశారా?" అన్నాను.

"రాగి పలక నాకెక్కడిదీ? మిగతావన్నీ పసువుల సాలలో సేసేను. ఆవుకి తగ్గింది."

పుస్తకం తీసుకున్నాను. గాలికుంటు మీద ఒక పేజీ, దాని తరువాత పదహారు పేజీలు నావి. నలభై తొమ్మిది నుంచి అరవై నాలుగు దాకా. రెండు పుస్తకాలూ ఒకే సైజు, ఒకేసారి బైండింగుకి వెళ్ళాయి. బైండు చేసినతను ఒక పుస్తకంలో ఉండాల్సిన మడత ఇంకో పుస్తకంలో కుట్టేశాడు. నలభై తొమ్మిదో పేజీ మొదటి వరుస నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'మనుష్యులు చేయి వేయు ఏ యినుప వస్తువునకును బిగింపరాదు. భూమిలో గొయ్యి త్రవ్వి...'

అరుగు మీద కూర్చుని పదహారు పేజీలూ చదివాను. టెస్టు ల్యాంపు ఎంత వెలగాలో కూడా అందులో ఉంది. తెల్లగా వెలగాలి. ఎర్రగా వెలిగితే ఎర్త్ లేనట్టే లెక్క. అంటే గోడలోని తప్పు కరెంటు ఇటుక స్తంభాల్లోంచి భూమిలోకి పోలేక, నా తీగ వెంట వచ్చి దూలంలోనే కూర్చుందన్నమాట.

మరుసటి ఆదివారం చోడవరం వెళ్ళాను. ఆ ఇంటికి కొత్త వైరింగు జరిగింది గాని, సరైన ఎర్త్ చూపిస్తే గాని కనెక్షను ఇవ్వనన్నారు సూపర్‌వైజరుగారు. దీపావళి దగ్గరికొస్తోంది, ఇంట్లో కిరసనాయిలు దీపాలే. హెల్పరుని వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వర్తకుడు చూసి లేచి నిలబడ్డాడు.

"వొద్దయ్యా. నీకు దండం. నీ సదువు మాకొద్దు" అన్నాడు. "కావాలంటే అనకాపల్లి నించి ఇంకోడ్ని తెచ్చుకుంటాను."

లోపల్నించి ముసలమ్మగారి గొంతు వినిపించింది. "ఎవుడ్రా వొచ్చింది? ఆ వైరుల గుంటడా?"

"ఆడేనమ్మా. ఎల్లిపొమ్మంటన్నాను."

"ఎందుకు? రానీ. ఆడు ఒకపాలి సంపబోయేడు, ఇంక జాగర్త పడతాడు. కొత్తోడొస్తే మళ్ళీ మొదట్నించి మొదలెడతాడు."

వర్తకుడు గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు.

పెరట్లో, నూతికి దూరంగా, ఎవరూ చెయ్యి వేయని మూల గొయ్యి తీశాం. మూడు నెలల అనుభవం ఉంది కాబట్టి గొయ్యి బాగా వచ్చింది. రాగి పలక, బొగ్గులు, ఉప్పు. ముసలమ్మగారు దూరంగా పీట మీద కూర్చుని చూశారు. అరచేతిలో అడ్డంగా మచ్చ కనిపిస్తోంది. పని అయ్యాక ఆవిడకి దణ్ణం పెట్టి, తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ గోతివైపు చూశారు.

"దీనికి నైవేద్యం ఏటైనా ఉందా?" అని అడిగారు.

"లేదండి. తడి ఆరకూడదు. రోజూ ఒక చెంబు నీళ్ళు పోస్తే చాలు."

"పోస్తాను" అన్నారు.

ఇక కృతజ్ఞతలు. పేర్లు చెప్పి చెప్పడం మర్యాద, కానీ ముందే అన్నాను కదా. ఎవరికి చెందినవి వాళ్ళు తీసుకుంటారు. పుస్తకం నా దగ్గరే ఉంచుకోనిచ్చిన గ్రంథాలయం గుమస్తాగారికి. దూలం దగ్గర ఒక్కసారైనా అడిగిన మా హెల్పరుకి. రెండోసారి అడగనివ్వనందుకు అతనికి క్షమాపణ కూడా. రిజిస్టరు చూసి నన్ను ఉద్యోగంలోంచి తీసేయకుండా గోతుల్లోకి పంపిన సూపర్‌వైజరుగారికి. అర్థం కాని పదహారు పేజీలు నాలుగుసార్లు చదివిన చీడికాడ రైతుకి. నేను అర్థమైందనుకుని రెండే సార్లు చదివాను. ఒక్క మాటకి ఆగిన ఆ ఇంటి కోడలికి. బైండు చేసినతనికి కూడా చెబుదామనుకున్నాను, ఇంకా మనసు రావడం లేదు.

ముసలమ్మగారు ఇంకా పన్నెండేళ్ళు బతికారు. రోజూ మడి నీళ్ళు తోడుకుని, మొదటి చెంబు ఆ మూల గోతిలో పోసి, తరువాతే దేవుడి గదిలోకి వెళ్ళేవారట. ఎండాకాలంలో రెండు చెంబులు. ఆవిడ పోయాక ఒకసారి ఆ ఇంటికి పని మీద వెళ్ళాను. పెరట్లో మూల ఇంకా తడిగా ఉంది. అడగకుండానే కోడలు చెప్పింది, "నేనే పోస్తన్నాను బాబూ. మానేస్తే అత్త ఊరుకోదు" అని. టెస్టు ల్యాంపు తీసి పెట్టి చూశాను. తెల్లగా వెలిగింది.